దుకాణం గార్డుతో గొడవై కేసు పడితే ఏం చేయాలి

2024 అక్టోబరు. దసరాకు ఇంకా వారం ఉంది. మలక్‌పేట వైపు ఒక పెద్ద సరుకుల దుకాణానికి మా అమ్మను తీసుకుని వెళ్లాను. బిల్లు మూడు వేల ఎనిమిది వందల చిల్లర అయింది. బయటికి వచ్చే దారిలో గార్డు బిల్లు చూసి ముద్ర వేసి పంపిస్తాడు కదా, అక్కడ ఆగాం. అమ్మ చేతిసంచిలో అరకిలో నెయ్యి ప్యాకెట్ ఉంది. అది అంతకు గంట ముందు మా వీధి చివర కిరాణా కొట్టులో కొన్నది కాబట్టి ఈ బిల్లులో లేదు. "ఇదేందమ్మా" అంటూ గార్డు సంచిలో చెయ్యి పెట్టాడు. నేను ఆ చెయ్యి లాగేశాను. అతను నా మణికట్టు పట్టుకున్నాడు. నేను తోశాను. వెనకున్న ట్రాలీల వరుస మీద పడ్డాడు. పై పెదవి చిట్లింది. ఉస్మానియాలో రెండు కుట్లు వేశారు.

ఇదంతా నిమిషం లోపే జరిగింది. అందులోంచి బయటపడటానికి నాకు పదకొండు నెలలు పట్టింది.

నేను వకీలును కాను, ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగిని. కానీ ఆ పదకొండు నెలల్లో నాంపల్లి కోర్టు వరండాలో నాలాంటి వాళ్లను చాలామందిని చూశాను. ఎప్పుడూ పోలీస్ స్టేషన్ గడప తొక్కనివాళ్లు, భార్యకు కూడా పూర్తిగా చెప్పుకోలేక ఒక్కరే వచ్చి గోడకు ఆనుకుని నిలబడేవాళ్లు. వాళ్లలో చాలామంది నోట విన్న మాట ఒకటే: "చిన్న కేసే కదా, ఫైన్ కట్టేసి పోదాం." వాళ్లను ఆపి చెప్పాలనిపించినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

మొదటి గంట

గొడవ కాగానే ఇద్దరు సేల్స్ కుర్రాళ్లు, ఒక సూపర్‌వైజర్ వచ్చి మమ్మల్ని వెనక గదిలోకి తీసుకెళ్లారు. బియ్యం బస్తాల మధ్య రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. తలుపు దగ్గర ఒకతను నిలబడ్డాడు. అలా నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. అమ్మకు షుగర్ ఉంది, నీళ్లు అడిగితే వెంటనే తెచ్చిచ్చారు, ఆ మాట చెప్పాలి. కాసేపటికి సూపర్‌వైజర్ ఒక తెల్ల కాగితం తెచ్చాడు. "నెయ్యి ప్యాకెట్ బిల్లు చేయించకుండా తీసుకెళ్తుండగా పట్టుబడ్డాను, అడిగిన గార్డును కొట్టాను, తప్పయింది" అని రాసి ఉంది. "సంతకం పెట్టండి సార్, ఇక్కడితో అయిపోతుంది. మళ్లీ పోలీసులెందుకు?" అన్నాడు. నేను పెన్ను తీసుకున్నాను. నిజంగానే పెట్టేసేవాణ్ణి. అంతలో అమ్మ పర్సులోంచి మడతలు పడ్డ కిరాణా బిల్లు తీసి బల్ల మీద పెట్టింది. నెయ్యి ధర, టైము అన్నీ అందులో ఉన్నాయి. పెన్ను కింద పెట్టేశాను.

దుకాణంలో దేని మీదా సంతకం పెట్టకండి. పోలీసుల ముందు ఇచ్చిన నేరాంగీకారాన్ని కోర్టులో మీ మీద సాక్ష్యంగా వాడటానికి వీల్లేదు. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ ఆ రక్షణ ఇస్తుంది. దుకాణం సూపర్‌వైజర్ పోలీసు కాడు. అతనికి రాసిచ్చిన కాగితానికి ఆ రక్షణ ఉండదు, కోర్టులో దాన్ని మీ మీద చూపించవచ్చు. స్టేషన్‌లో భయపడేవాళ్లు దుకాణంలో ధైర్యంగా సంతకం పెట్టేస్తారు. అసలు భయపడాల్సింది దుకాణం కాగితానికే.

ఆ గదిలో మీరు చెప్పాల్సింది ఒక్కటే: "నేను వెళ్తాను, లేదంటే పోలీసులను పిలవండి." ఎంతసేపటికీ వదలకపోతే మీరే 100కు గానీ 112కు గానీ చేయండి. మిమ్మల్ని ఎంతసేపు ఆపారన్నదానికి ఆ కాల్ టైమే తర్వాత సాక్ష్యం అవుతుంది. నేను చేయలేదు. అందుకే నలభై నిమిషాలు అనేది నా మాటగానే మిగిలిపోయింది.

గార్డుకు ఉన్న అధికారం ఎంత? మీకూ నాకూ ఉన్నంతే. అరెస్టు, దర్యాప్తు, కోర్టు విధానం చెప్పే కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, బెయిలు హక్కుగా దొరకని, వారెంటు లేకుండా పోలీసులు పట్టుకోదగ్గ నేరం ఎవరైనా తన కళ్లెదుట చేస్తే మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు. ఆలస్యం చేయకుండా, ఎట్టిపరిస్థితిలోనూ ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. అనుమానం వచ్చినంత మాత్రాన సంచిలో చెయ్యి పెట్టి వెతికే అధికారం గార్డుకు ఏ చట్టమూ ఇవ్వలేదు. చూపించమని అడగవచ్చు. వద్దంటే పోలీసులను పిలవవచ్చు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005 నాటి చట్టం ఒకటి ఉంది. ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి, గార్డుకు శిక్షణ ఇచ్చి ఉండాలి. కేసు నడిచేటప్పుడు మీ వకీలు ఈ రెండూ అడుగుతారు.

ఇది చదివి మీకు కోపం రావచ్చు. నాకూ వచ్చింది. కానీ అతనికి వెతికే అధికారం లేదన్న మాట వేరు, నేను తోయడం సరైనదన్న మాట వేరు. ఆ తేడా నాకు చాలా ఆలస్యంగా, టీవీ తెర మీద చూస్తేగానీ అర్థం కాలేదు. అక్కడికి వస్తాను.

అదే రాత్రి ఆసుపత్రికి

ఆ రాత్రే వెళ్లకపోవడం నేను చేసిన పెద్ద తప్పు. నా కుడి బొటనవేలు మెలిపడి వాచింది, ముంజేతి మీద గోళ్ల గీతలు పడ్డాయి. స్టేషన్‌లో పేరు, ఫోన్ నంబరు రాసుకుని "పిలిస్తే రండి సార్" అని పంపించారు. ఇంటికొచ్చి స్నానం చేసి పడుకున్నాను. మా ఆవిడ ఆ చొక్కా ఉతికేసింది. మూడో రోజు వేలు కదలకపోతే ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు కాగితం మీద దెబ్బ మూడు రోజుల నాటిదని రాశాడు. మూడు రోజుల నాటి దెబ్బ ఎవరి వల్ల తగిలిందంటే ఎవరు నమ్ముతారు?

గొడవలో మీకూ దెబ్బ తగిలితే, అది చిన్న గీత అయినా సరే, ఆ రాత్రే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి "దుకాణంలో గొడవలో తగిలింది" అని చెప్పి ఎమ్మెల్సీ రాయించుకోండి. మెడికో లీగల్ కేసు అంటారు. డాక్టరు టైముతో సహా రాస్తాడు. చొక్కా ఉతకకండి. తెగిన గుండీ ఉంటే దాన్నీ కాగితంలో చుట్టి దాచండి. ఫోన్లో ఫోటోలు తీసుకోండి.

అవతలివాడి గాయం గురించి డాక్టరు రాసేదాని మీదే మీ కేసు బరువు ఆధారపడుతుంది. గాయాల సర్టిఫికెట్‌లో "సింపుల్" అని ఉంటే నేరాలు, శిక్షల కొత్త చట్టం, అంటే భారతీయ న్యాయ సంహిత 115(2): ఏడాది వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. పన్ను విరిగినా, ఎముక విరిగినా, పదిహేను రోజుల పాటు మనిషి తన రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయం కిందికి వస్తుంది. అప్పుడు 117(2), ఏడేళ్ల దాకా. ఆ గార్డు పడ్డ చోట పన్ను విరిగి ఉంటే నా జీవితం ఇంకోలా ఉండేది. ఇది రాస్తుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

స్టేషన్

ఎఫ్‌ఐఆర్ కాపీని పోలీసుల వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. 2016లో సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత, సున్నితమైన కేసులు తప్ప మిగతావి పెడుతున్నారు. నా దాంట్లో మూడు సెక్షన్లు ఉన్నాయి: 115(2), 126(2), 352. అంటే కొట్టడం, దారికి అడ్డుపడటం, రెచ్చగొట్టేలా తిట్టడం. నేనెక్కడ అడ్డుపడ్డానని ఆశ్చర్యపోయాను. మా వకీలు గారు వివరించారు. ఒక్క 115(2) మాత్రమే అయితే పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు, పుస్తకంలో రాసుకుని ఫిర్యాదుదారుణ్ణి కోర్టుకు పంపాలి. పోలీసులు నేరుగా కేసు కట్టగలిగే సెక్షన్ ఒక్కటి తోడైనా మొత్తం కేసు ఆ దారిలో పోతుంది. 126(2) అలాంటి సెక్షన్. అందుకే మీ ఎఫ్‌ఐఆర్‌లో ప్రతి సెక్షనూ ఎందుకు పడిందో వకీలును అడిగి తెలుసుకోండి. ఆ సెక్షన్‌కు తగిన మాట ఫిర్యాదులో అసలు లేకపోతే అదే మీకు మొదటి పట్టు.

ఈ మూడూ బెయిలబుల్. బెయిలు మీ హక్కు, ఎవరూ దయతలచి ఇచ్చేది కాదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మామూలుగా నాగరిక సురక్షా సంహిత 35(3) నోటీసు ఇచ్చి రమ్మంటారు. పాత మనుషులు దాన్ని ఇంకా 41ఏ నోటీసనే అంటారు. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాగితం మీద చేతికి ఇవ్వాలి. ఇచ్చాక మాత్రం ఆ తేదీకి తప్పకుండా వెళ్లండి. వెళ్లకపోతే అరెస్టుకు మీరే కారణం చూపించినట్టు అవుతుంది.

వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లకండి. విచారణ మధ్యలో వకీలును కలిసే హక్కు ఉంది. "ఏం జరిగిందో చెప్పు" అంటే ముందూ వెనకా లేకుండా ఆవేశంగా చెప్పేస్తాం. నేను "కోపంలో తోసేశాను సార్" అన్నాను. ఆ ఒక్క మాటను కాగితం మీద చూసుకున్నప్పుడు ఎంత బాధపడ్డానో చెప్పలేను. పేరు, చిరునామా, ఉద్యోగం అడిగితే చెప్పండి. గొడవ గురించి మాత్రం "మా వకీలు గారితో మాట్లాడి రాతపూర్వకంగా ఇస్తాను" అనండి. మర్యాదగా చెప్తే ఎవరూ తప్పుపట్టరు.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. సాక్షిగా అమ్మను కూడా స్టేషన్‌కు తీసుకురమ్మన్నారు. ఆడవాళ్లనూ, అరవై దాటినవాళ్లనూ వాంగ్మూలం కోసం స్టేషన్‌కు రప్పించకూడదు. పోలీసులే ఇంటికి రావాలి. నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్‌లో ఉంది. మా వకీలు గారు ఫోన్ చేసి ఆ మాట చెప్పగానే ఒక హెడ్ కానిస్టేబుల్, ఒక మహిళా కానిస్టేబుల్ ఇంటికే వచ్చి చాలా గౌరవంగా రాసుకుని వెళ్లారు.

కెమెరా మరచిపోదు, కానీ చెరిగిపోతుంది

దుకాణాల సీసీటీవీ రికార్డింగు కొన్ని రోజుల తర్వాత పాతదాని మీదే కొత్తది పడుతూ పోతుంది. కొన్నిచోట్ల రెండు వారాలు, కొన్నిచోట్ల నెల. గొడవైన మర్నాడే స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు ఒక అర్జీ రాయండి: ఫలానా తేదీ, ఫలానా టైము, ఫలానా ద్వారం దగ్గరి కెమెరా, వెనక గది బయటి కెమెరా రికార్డింగులు వెంటనే స్వాధీనం చేసుకోవాలని. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. దుకాణానికీ అదే అర్థం వచ్చేలా స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. ఇద్దరికీ పంపాక "రికార్డింగు పోయింది" అనడం అంత తేలిక కాదు.

కెమెరాకు ఎదురుగా ఫోన్ పెట్టి తీసిన వీడియో మీ దగ్గర ఉంటే దాచుకోండి, కానీ కోర్టులో అది నేరుగా నిలబడదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందుకే అసలు రికార్డింగు పోలీసుల చేతికి చేరడం ముఖ్యం.

వకీలు, అబద్ధపు కేసులు

నేను మొత్తం ఇరవై వేలు విడతలుగా ఇచ్చాను. ఆ స్థోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

మొదట నేను వేరే ఒకాయన దగ్గరికి వెళ్లాను. దూరపు చుట్టం చూపించిన మనిషి. కథంతా విని, "మీ అమ్మగారి చేత ఒక కంప్లైంట్ ఇప్పిద్దాం. సంచిలో చెయ్యి పెట్టేటప్పుడు ఆమెను అసభ్యంగా తాకాడని రాద్దాం. 74 సెక్షన్ పడితే వాడే కాళ్లబేరానికి వస్తాడు" అన్నాడు. ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"సంచిల చెయ్యి పెట్టిండు గని నా మీద చెయ్యి వెయ్యలే బిడ్డా. లేనిది నేనెందుకు చెప్త? ఆని ఇంట్ల కూడ ఆడోళ్లు ఉంటరు గద."

మర్నాడే వకీలును మార్చుకున్నాను. మీకూ ఇలాంటి సలహా ఎవరో ఒకరు ఇస్తారు, ఖాయం. వినకండి. అబద్ధపు కేసు పెట్టడం విడిగా ఒక నేరం. దానికి తోడు కెమెరా ముందు ఆ అబద్ధం ఒక్క నిమిషం నిలబడదు, అది కూలితే మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. నిజంగా జరిగింది, అంటే గదిలో ఆపడం, చెయ్యి మెలితిప్పడం, ఉన్నదున్నట్టు మీ వైపు ఫిర్యాదుగా ఇవ్వండి. స్టేషన్‌లో తీసుకోకపోతే డీసీపీకి పోస్టులో పంపవచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు.

కోర్టు

ఛార్జిషీటు వేశాక సమన్లు వస్తాయి. మొదటి రోజు ఇద్దరు షూరిటీలను, అంటే మీకు జామీను ఉండేవాళ్లను తీసుకురమ్మంటారు. మా బావ జీతం సర్టిఫికెట్‌తో, మా పక్కింటాయన ఇంటిపన్ను రసీదుతో వచ్చారు. పొద్దున పదిన్నరకు వెళ్తే సాయంత్రం నాలుగు దాటింది. ఆ రోజు సెలవు పెట్టుకునే వెళ్లండి, షూరిటీలకూ ముందే చెప్పండి. తర్వాత వాయిదాలు. రాలేని రోజు వకీలు చేత గైర్హాజరు పిటిషన్ వేయించాలి. చెప్పకుండా మానేస్తే వారెంటు పడుతుంది. నా ముందు వరుసలో ఒక కుర్రాడు పరీక్ష ఉందని రెండు వాయిదాలు మానేశాడట. చిన్న తోపులాట కేసులో వారెంటు మీద పట్టుకొచ్చారు. కేసు నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ వాయిదా తేదీ ముందు రోజు రాత్రే చూసుకోవచ్చు, ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ఛార్జిషీటుతో పాటు కాగితాలన్నిటి కాపీలూ మీకు ఉచితంగా ఇవ్వాలి. సీసీటీవీ ముక్క కూడా. దాన్ని వకీలు గారి ఆఫీసులో చూశాను. చెప్తానన్నది ఇదే.

అప్పటిదాకా అందరికీ నేను చెప్పిన కథ ఒకటే: వాడు అమ్మ సంచిలోంచి చెయ్యి తీయలేదు, అందుకే తోశాను. ఆ కథను మనస్ఫూర్తిగా నమ్మాను. తెర మీద టైము కింద మూలలో పరుగెడుతోంది. అతను చెయ్యి పెట్టాడు, నేను లాగాను, అతను నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ తర్వాత వదిలేశాడు. రెండు చేతులూ పైకెత్తి ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను ఏదో అంటున్నాను, నోరు కదులుతోంది. ఏడు సెకన్లు. అప్పుడు తోశాను.

వకీలు గారు ఏమీ అనలేదు, మళ్లీ ఒకసారి వేసి చూపించారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. తన ఒంటిని, తనవాళ్లను కాపాడుకునే హక్కు చట్టంలో ఉంది. సంచిలోంచి చెయ్యి లాగడం వరకు ఆ హక్కు కిందికి వస్తుంది. ప్రమాదం పోయిన తర్వాత, అవతలివాడు వెనక్కి తగ్గిన తర్వాత ఆ హక్కు ఉండదు. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే.

అందుకే చెప్తున్నాను, రికార్డింగు చూడకుండా పోరాడాలో రాజీ పడాలో తేల్చుకోకండి. కోపంలో ఉన్న మనిషి జ్ఞాపకం తనకు కావలసినట్టు కథ అల్లుకుంటుంది. రికార్డింగు మీ వైపు ఉంటే, గార్డే ముందు చెయ్యి చేసుకుని ఉంటే, పోరాడండి. ఎంతకాలమైనా పోరాడండి. నాకు ఆ అవకాశం లేదు.

"ఒప్పుకుని ఫైన్ కట్టేయండి"

నేరం ఏమిటో జడ్జి గారు చదివి వినిపించి "ఒప్పుకుంటావా" అని అడిగే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు పొద్దున వరండాలో ఒకాయన, ఎవరో కూడా తెలియదు, నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "ఒప్పుకోండి సారూ, వెయ్యో రెండు వేలో ఫైన్ వేస్తరు. కట్టి మధ్యాహ్నం కల్లా ఇంటికి పోతరు." నిజమే, పోతారు. నా ముందే ముగ్గురు అలా వెళ్లిపోయారు. వాళ్ల ముఖాల్లో ఆ తేలిక నేను చూశాను. నాకూ అలా వెళ్లిపోవాలని ఎంత అనిపించిందో. ఒక్కొక్క వాయిదాకు ఒక సెలవు, ఆఫీసులో ఒక అబద్ధం.

కానీ ఒప్పుకుని ఫైన్ కట్టడమంటే శిక్ష పడినట్టే. జైలు లేదన్న మాటే గానీ కాగితం మీద మీరు దోషి. రేపు ప్రభుత్వ ఉద్యోగానికి నింపే ఫారంలో "ఎప్పుడైనా శిక్ష పడిందా, జరిమానా పడిందా" అన్న గడి ఉంటుంది. అమెరికా వీసా ఫారంలోనూ అరెస్టు, శిక్షల ప్రశ్న ఉంటుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు మధ్యాహ్నానికల్లా ఇంటికి పోవాలని ఒప్పుకుంటే, కానిస్టేబుల్ పరీక్ష పాసయ్యాక ఆ గడి దగ్గర ఆగిపోతాడు. ఆ గడిలో అబద్ధం రాయకూడదు కూడా. సంగతి దాచిపెట్టడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒకవేళ విచారణ జరిగి నేరం రుజువైనా, మొదటి తప్పు అయితే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి గానీ మంచి నడవడిక బాండు మీద గానీ వదిలిపెట్టమని అడగవచ్చు. ఆ చట్టం 12వ సెక్షన్, శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అంటకుండా కాపాడుతుంది. వకీలు తనంతట తాను అడగకపోతే మీరు గుర్తు చేయండి.

రాజీ ఎవరితో

115(2), 126(2), 352 మూడూ రాజీ పడదగ్గ సెక్షన్లే. రాజీ కుదిరి కోర్టు రికార్డు చేస్తే దాని ఫలితం నిర్దోషిగా విడుదలైనట్టే. ఫైన్‌కూ దీనికీ ఉన్న తేడా అదే.

అందరూ పొరపడేది ఇక్కడే. రాజీ పడాల్సింది దుకాణం కాదు, సెక్యూరిటీ ఏజెన్సీ కాదు. దెబ్బ తిన్న మనిషి. నేను మొదట దుకాణం మేనేజరుకు ఫోన్ చేసి "ఎంత కావాలో చెప్పండి" అన్నాను. అది పిచ్చి పని. ఆ మాట రికార్డు చేశారు, నేను డబ్బుతో కొనబోయానని తర్వాత వాళ్లే అన్నారు. ఏ మాటైనా వకీళ్ల ద్వారానే నడవాలి. బెదిరించినట్టు గానీ బేరమాడినట్టు గానీ ఉండకూడదు.

గార్డును నేను మళ్లీ చూసింది నాలుగో వాయిదాకు, కోర్టు వరండాలోనే. నారాయణపేట వైపు మనిషి. యూనిఫాం లేకపోతే గుర్తుపట్టలేదు. అతనే దగ్గరికొచ్చి "నమస్తే సార్" అన్నాడు. రోజుకు పన్నెండు గంటల డ్యూటీ. కుట్లు పడ్డ నాలుగు రోజులకు జీతం కోశారట. కోర్టుకు వచ్చిన ప్రతిరోజూ కోస్తారట. "నాకు కేసు వద్దు సార్. కంప్లైంట్ ఇయ్యకుంటే నౌకరి తీసేస్తమన్నరు, ఇచ్చిన" అన్నాడు. పది నెలలు నేను శత్రువనుకున్న మనిషి నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నాడు.

లోక్ అదాలత్‌కు పెట్టుకున్నాం. మందుల ఖర్చు, పోయిన జీతం, తిరిగిన రోజులు లెక్కగట్టి పన్నెండు వేలు ఇస్తానన్నాను. లెక్క నేనే వేశాను, అతను అడగలేదు. డబ్బు ముందే చేతికి ఇవ్వకండి, మధ్యవాళ్ల చేతికి అసలే వద్దు. బెంచి ముందు, లేదా అతని ఖాతాకే పంపి రసీదు చూపించాలి. రాజీ పత్రం మీద అతనే సంతకం పెట్టాలి, చదివి వినిపించాకే. లోక్ అదాలత్‌లో తేలినదాని మీద అప్పీలు ఉండదు, మళ్లీ ఎవరూ తోడలేరు.

అమ్మ కూడా వచ్చింది. అతని పై పెదవి మీద సన్నని తెల్ల గీత ఉంది. అమ్మ అతని ముఖంలోకి చూసి "నొప్పి ఉంటదా బిడ్డా ఇంకా?" అని అడిగింది. "లేదమ్మా, తినేటప్పుడు కొద్దిగ" అన్నాడు. నేను క్షమించమన్నాను. అంతకు ముందు చాలాసార్లు అనాలనుకున్నాను గానీ వకీలు గారు ఆపారు. రాజీ రికార్డు కాకముందు అన్న "క్షమించండి" నేరం ఒప్పుకున్నట్టు వాడుకోవచ్చని. మీరూ అప్పటిదాకా ఆగండి, ఆ తర్వాత మాత్రం తప్పకుండా అనండి.

పాస్‌పోర్టు, కాగితాలు

కోర్టులో కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు కావాలంటే దారి మూసుకుపోదు. కేసు పెండింగులో ఉంటే నిరాకరించవచ్చని 1967 చట్టం 6(2)(ఎఫ్) అంటుంది. కానీ 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టు అనుమతి ఇస్తే పాస్‌పోర్టు ఇస్తారు. కోర్టు కాలపరిమితి చెప్పకపోతే ఏడాదికి ఇస్తారు. దరఖాస్తులో కేసు సంగతి దాచకండి.

కేసు ముగిశాక ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు కనీసం మూడు తీసుకోండి. ఒకటి స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి, లేకపోతే రెండేళ్ల తర్వాత వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్ తెర మీద కేసు ఇంకా పెండింగులోనే కనిపించవచ్చు. ఒకటి ఇంట్లో, ఒకటి ఇంకెక్కడైనా. ఈ-కోర్ట్స్‌లో "డిస్పోజ్డ్" అని మారిందో లేదో నెల తర్వాత చూడండి.

నా ఫైలు అటక మీది సూట్‌కేసులో ఉంది. మొన్న సర్దుతూ తీస్తే కిరాణా కొట్టు నెయ్యి బిల్లు బయటపడింది. అది వేడికి అచ్చయ్యే కాగితం కదా, అక్షరాలన్నీ మాసిపోయి తెల్లగా ఉంది. ఆ రాత్రే మా ఆవిడ దాన్ని ఫోన్లో ఫోటో తీసి, మర్నాడు రెండు జిరాక్సులు తీయించింది. ఛార్జిషీటులో దొంగతనం మాట లేకుండా పోయింది ఆ జిరాక్సు వల్లే. మీ చేతిలో బిల్లు ఏదైనా ఉంటే ఇంటికి వెళ్లేదాకా ఆగకండి, అక్కడే ఫోటో తీయండి.